పవర్‌బోట్ల కోసం ప్రత్యేకంగా కట్టే హై పెర్ఫార్మెన్స్ ఇంజన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొలతలు ఎక్కువగా అంగుళాల్లో, థౌలలో ఇస్తున్నాం. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంటే 0.0254 మిల్లీమీటర్లు. ఉదాహరణలకు బిగ్ బ్లాక్ షెవర్లే వి8ని తీసుకున్నాం, ఎందుకంటే పెట్రోల్ పవర్‌బోట్లలో ఇప్పటికీ ఎక్కువ మంది కట్టించుకునేది దాన్నే. వేరే ఇంజన్‌కి అంకెలు మారతాయి గాని కారణాలు మారవు.

కారు ఇంజన్‌ని ఉన్నదున్నట్టుగా బోటులో పెడితే ఏమవుతుంది?

కొన్నాళ్ళు నడుస్తుంది. తరవాత ఎగ్జాస్ట్ వాల్వులు, రింగులు, బేరింగులు ఒకదాని వెనక ఒకటి పోతాయి. రోడ్డు మీద బండి ఒకసారి వేగం అందుకుంటే దొర్లుతూ పోతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగం నిలబెట్టడానికి మామూలు కారుకి 20–25 హార్స్‌పవర్ చాలు. బోటుకి ఆ వెసులుబాటు లేదు. ప్రతి గజమూ నీటిని తోసుకుంటూనే వెళ్ళాలి, థ్రాటిల్ వదిలితే అక్కడే కూలబడుతుంది.

ప్రొపెల్లర్ మింగే శక్తి సుమారుగా ఆర్‌పీఎం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 5,400 ఆర్‌పీఎం దగ్గర 600 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్‌ని 4,000 దగ్గర తీరిగ్గా నడుపుతున్నాం అనుకున్నా, అది దాదాపు 240 హార్స్‌పవర్ ఇస్తూనే ఉంటుంది. అదీ గంటల తరబడి. కారు ఇంజన్ జీవితంలో పూర్తి లోడు క్షణాల లెక్క, బోటు ఇంజన్‌కి అదే రోజువారీ పని. బోటు ఇంజన్ కట్టడంలో ప్రతి నిర్ణయమూ, క్లియరెన్స్ (పార్టుల మధ్య వదిలే ఖాళీ) దగ్గర నుంచి క్యామ్ (వాల్వుల్ని తెరిచి మూసే షాఫ్ట్) దాకా, ఈ తేడాలోంచే పుడుతుంది.

ఏయే పార్టులు తప్పనిసరిగా మెరైన్‌వే అయి ఉండాలి?

నిప్పుకి సంబంధించినవి, పెట్రోలుకి సంబంధించినవి, నీటికి సంబంధించినవి.

పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు. కారు కింద రోడ్డు ఉంటుంది కాబట్టి కారిన ఆవిరి చెదిరిపోతుంది. బోటులో ఇంజన్ గది అడుగున చేరి అక్కడే కూర్చుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే స్టార్టర్, ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్, ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు, రిలేలు అన్నీ ఇగ్నిషన్ ప్రొటెక్షన్ ఉన్నవే కావాలి. ఎస్ఏఈ జె1171 లేదా ఐఎస్‌ఓ 8846 అన్న గుర్తు పార్టు మీదే ఉంటుంది, చూసి కొనండి. కారు ఆల్టర్నేటర్ బయటికి అచ్చం ఇలాగే కనిపిస్తుంది, దాని బ్రష్‌ల దగ్గర లేచే రవ్వలకి మాత్రం అడ్డు ఉండదు.

గాలి లోపలికి వెళ్ళే చోట ఎయిర్ ఫిల్టర్ బదులు ఫ్లేమ్ అరెస్టర్ ఉండాలి. ఇంజన్ వెనక్కి పేలితే మంట దాని పలచటి లోహపు పొరల మధ్య చల్లారిపోతుంది. మెరైన్ కార్బ్యురేటర్‌లో వెంట్ గొట్టాలు లోపలికి వంగి ఉంటాయి. ఫ్లోట్ ఇరుక్కుని పెట్రోల్ పొంగినా అది ఇంజన్ లోపలికే పోతుంది, మానిఫోల్డ్ మీద పడదు. మెకానికల్ ఫ్యూయల్ పంపుకి రెండు డయాఫ్రమ్‌లు, మధ్యలోంచి కార్బ్యురేటర్‌కి వెళ్ళే ఒక పారదర్శక గొట్టం ఉంటాయి. ఆ గొట్టంలో పెట్రోల్ కనిపించిందంటే మొదటి డయాఫ్రమ్ చిరిగిందని అర్థం. ఇంజన్ ఆపి పంపు మార్చాలి.

నీటి వైపు: కోర్ ప్లగ్గులు ఇత్తడివి, హెడ్ గాస్కెట్ మెరైన్‌ది, నీటి పంపు ఉప్పునీటిని తట్టుకునేది. ఈ జాబితాలో దేన్లోనూ సర్దుబాటు వద్దు.

నాకు 700 హార్స్‌పవర్ కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

హార్స్‌పవర్ దగ్గర కాదు. బోటు బరువు, డ్రైవ్ గేర్ నిష్పత్తి, ఇప్పుడున్న ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి అది ముందుకి పోవాల్సిన దూరం, అంగుళాల్లో), పూర్తి థ్రాటిల్‌లో వచ్చే ఆర్‌పీఎం, దొరికే పెట్రోల్ ఆక్టేన్, ఏడాదికి నడిపే గంటలు, నీళ్ళు ఉప్పువా మంచివా. ఇవి రాసి పెట్టుకున్నాకే ఇంజన్ సంగతి.

అన్నిటికన్నా ముందు డ్రైవ్, అంటే ఇంజన్ శక్తిని ప్రొపెల్లర్‌కి చేర్చే గేర్ల పెట్టె. స్టెర్న్‌డ్రైవ్ (బోటు వెనక బిగించే డ్రైవ్) గేర్లని విరగ్గొట్టేది టార్క్, అంటే తిప్పే బలం. అలల మీద గాల్లోకి లేచి తిరిగి నీళ్ళలో పడినప్పుడు వచ్చే దెబ్బ ఆ టార్క్‌కి తోడవుతుంది. 500 హార్స్‌పవర్‌కి ఉద్దేశించిన డ్రైవ్ వెనక 700 పెడితే, ఇంజన్ మీద పెట్టిన డబ్బంతా డ్రైవ్ విరిగిన రోజున ఒడ్డున కూర్చుంటుంది. బడ్జెట్‌లో డ్రైవ్‌కి, కప్లర్‌కి, ప్రొపెల్లర్‌కి పోగా మిగిలిందే ఇంజన్‌ది.

పెద్ద ఇంజన్ మేలా, ఎక్కువ ఆర్‌పీఎం మేలా?

బోటుకి పెద్ద ఇంజన్. హార్స్‌పవర్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 5,252తో భాగించడం. 600 పౌండ్ అడుగుల టార్క్ 5,200 దగ్గర ఉంటే 594 హార్స్‌పవర్. అదే శక్తిని చిన్న ఇంజన్‌తో 6,800 దగ్గర తీయవచ్చు. కానీ వాల్వ్ స్ప్రింగులు, రాడ్ బోల్టులు ఆ వేగాన్ని గంటల కొద్దీ మోయాలి.

454 ఘనపుటంగుళాల ఇంజన్‌లో బోర్ (సిలిండర్ వ్యాసం) 4.25, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 4.00 అంగుళాలు. 502లో బోర్ 4.47, స్ట్రోక్ అదే. మార్కెట్లో దొరికే మందపాటి బ్లాక్‌తో 4.50 బోర్, 4.25 స్ట్రోక్ తీసుకుంటే 540 ఘనపుటంగుళాలు, అంటే 8.9 లీటర్లు. ఈ 540 మాకు బాగా నచ్చిన కొలత. సిలిండర్ గోడలు మందంగా మిగులుతాయి, 5,500 దగ్గర పిస్టన్ సగటు వేగం నిమిషానికి 3,900 అడుగులు దాటదు, సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి నింపే పంపు) లేకుండానే 600–650 హార్స్‌పవర్ ఆయాసం లేకుండా ఇస్తుంది.

పాత బ్లాక్ వాడొచ్చా?

మంచినీళ్ళలో తిరిగినదైతే, కొలిచి చూసి వాడొచ్చు. ఉప్పునీటిని నేరుగా తిప్పుకున్న బ్లాక్ అయితే నీళ్ళ జాకెట్ లోపలి నుంచి తుప్పు తింటూ వస్తుంది. బయటికి ఏమీ తెలియదు, బోర్ అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. సోనిక్ టెస్టర్‌తో ప్రతి సిలిండర్ చుట్టూ, పై నుంచి కింది దాకా గోడ మందం కొలిపించండి. పిస్టన్ ఒరిగే వైపు 0.200 అంగుళం కన్నా తక్కువుంటే హై పెర్ఫార్మెన్స్ పనికి పక్కన పెట్టడమే మంచిది. బూస్ట్ (సూపర్‌చార్జర్‌తోనో టర్బోతోనో గాలిని ఒత్తి నింపడం) పెట్టే ఇంజన్‌కి 0.250 ఉండాలి. మెయిన్ క్యాప్‌లు నాలుగు బోల్టులవి కావాలి.

క్రాంక్, రాడ్లు, పిస్టన్లు ఎలాంటివి?

క్రాంక్, రాడ్లు 4340 ఫోర్జ్‌డ్ స్టీలువి. పిస్టన్లలో రెండు రకాల ఫోర్జ్‌డ్ అల్యూమినియం ఉంటాయి. 4032లో సిలికాన్ దాదాపు 12 శాతం. వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది, చల్లగా ఉన్నప్పుడు చప్పుడు తక్కువ. 2618లో సిలికాన్ దాదాపు లేనట్టే. ఎక్కువ వ్యాకోచిస్తుంది, అందుకని ఎక్కువ ఖాళీ అడుగుతుంది, కానీ నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడం) తగిలినప్పుడు పగలకుండా సాగి నిలబడుతుంది. సూపర్‌చార్జర్, టర్బో ఉన్నచోట 2618 ఒక్కటే సరైనది. లేనిచోట కూడా బోటుకి మేం దానివైపే మొగ్గుతాం. పొద్దున స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలు టకటకమంటే అనుకోనివ్వండి.

రాడ్ బోల్టుల్ని టార్క్ రెంచ్ మీద నమ్మకంతో వదిలెయ్యకండి. ప్రతి బోల్టు పొడవు బిగించకముందు మైక్రోమీటర్‌తో కొలిచి, నంబరు వేసి, కాగితం మీద రాసుకోండి. బిగించేటప్పుడు బోల్టు తయారీదారు చెప్పినంత సాగిందో లేదో స్ట్రెచ్ గేజ్‌తో చూడండి. మళ్ళీ విప్పిన రోజున ఆ బోల్టు మొదటి పొడవు కన్నా 1 థౌ ఎక్కువ తేలితే అది సాగిపోయినట్టే, పారెయ్యాలి. ఆ కాగితం లేకపోతే ఈ పరీక్ష చేసే దారే లేదు.

క్లియరెన్సులు ఎంత పెట్టాలి?

కారుకన్నా కొంచెం వదులుగా. ఆ కొంచెం ఎంతో తెలియడమే ఈ పనిలో కీలకం.

మెయిన్ బేరింగ్: జర్నల్ (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) వ్యాసంలో ప్రతి అంగుళానికి 1 థౌ అన్నది పాత లెక్క. బిగ్ బ్లాక్ మెయిన్ జర్నల్ 2.75 అంగుళాలు కాబట్టి 2.75 థౌ. బోటుకి 2.8 నుంచి 3.2 దాకా పెట్టి, 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిల్ వాడతాం. రాడ్ జర్నల్ 2.20 అంగుళాలు, దానికి 2.4 నుంచి 2.8. ప్లాస్టిగేజ్ (నలిపి ఖాళీని కొలిచే ప్లాస్టిక్ దారం) సరిపోదు. బేరింగ్ పెట్టి క్యాప్ పూర్తిగా బిగించి, బోర్ గేజ్‌తో నిలువుగా కొలవాలి.

పిస్టన్‌కి, బోర్‌కి మధ్య: 2618 పిస్టన్‌కి 4.5 అంగుళాల బోర్‌లో 5 నుంచి 6.5 థౌ, బూస్ట్ ఉంటే పైన చెప్పిన దానికన్నా మరో థౌ. పిస్టన్ పెట్టె మీద రాసినది కనీసపు కొలత. బోటుకి ఆ కనీసం చాలదు. హోనింగ్ చేసేటప్పుడు బ్లాక్ మీద టార్క్ ప్లేట్ బిగించి తీరాలి. హెడ్ బోల్టులు బిగిస్తే బోర్ ఆకారం ఒక థౌకి పైగా వంకరపోతుంది. ప్లేట్ లేకుండా గుండ్రంగా తీసిన బోర్, హెడ్ బిగించాక గుండ్రంగా ఉండదు.

రింగ్ గ్యాప్ (రింగ్ రెండు కొనల మధ్య ఖాళీ): బోటు ఇంజన్లని ఎక్కువగా చంపేది ఇదే. రోడ్డు ఇంజన్‌కి బోర్ అంగుళానికి 4.5 థౌ లెక్కన 4.5 అంగుళాల బోర్‌లో 20 థౌ పెడతారు. బోటులో పూర్తి లోడు నిమిషాల తరబడి ఉంటుంది కాబట్టి పై రింగ్ ఇంకా వేడెక్కి ఇంకా సాగుతుంది. అందుకని బూస్ట్ లేకపోతే 22–24 థౌ, బూస్ట్ ఉంటే 28–30. రెండో రింగ్‌కి పై రింగ్ కన్నా 2 థౌ ఎక్కువ ఇవ్వండి, మధ్యలో చిక్కుకున్న ఒత్తిడి కిందికి పోవాలి. లేకపోతే పై రింగ్ గాడిలో ఎగిరెగిరి పడుతుంది.

గ్యాప్ చాలకపోతే ఏం జరుగుతుందో విప్పినప్పుడు కళ్ళకు కనిపిస్తుంది. రింగ్ రెండు కొనలూ ఫైలు వేసిన బూడిద రంగులో కాకుండా చిన్న అద్దం ముక్కల్లా మెరుస్తుంటాయి, ఒకదానికొకటి గుద్దుకున్నాయన్నమాట. ఆ తరవాతి మెట్టులో రింగ్‌కి సాగే చోటు లేక గోడని గీరేస్తుంది, లేదా పిస్టన్ పై అంచునే ఎత్తి విరిచేస్తుంది. గ్యాప్ ఎక్కువైతే పోయేది రెండు మూడు హార్స్‌పవర్. తక్కువైతే పోయేది ఇంజన్.

కంప్రెషన్ రేషియో?

అల్యూమినియం హెడ్లు, 95 రాన్ (ఆక్టేన్‌ని కొలిచే ఒక పద్ధతి) పెట్రోల్, బూస్ట్ లేదు: 9.0 నుంచి 9.5. ఇనప హెడ్లకి అర పాయింటు తగ్గించండి. సూపర్‌చార్జర్ ఉంటే 8.0 నుంచి 8.5. అమెరికా పంపుల మీద కనిపించే 87, 91, 93 అంకెలు వేరే పద్ధతివి. అక్కడి 87 సుమారుగా 91 రాన్‌కి సమానం.

రోడ్డు మీద నాకింగ్ వస్తే చెవికి వినిపిస్తుంది, కాలు తీస్తాం. బోటులో ఎగ్జాస్ట్ హోరులో అది వినపడదు. అందుకే ఇక్కడ అర పాయింటు ఆశపడటం ప్రమాదం.

క్యామ్ పెద్దది పెడితే తప్పేంటి? సిలిండర్లలోకి నీళ్ళు వస్తాయంటారు, నిజమా?

నిజం. కారుకి లేని, బోటుకి మాత్రమే ఉన్న జబ్బు ఇది.

చాలా బోట్లలో ఇంజన్‌ని చల్లార్చిన నీళ్ళనే ఎగ్జాస్ట్‌లో కలిపి బయటికి పంపుతారు. ఇప్పుడు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు ఒకేసారి తెరుచుకుని ఉండే క్షణం, అంటే ఓవర్‌ల్యాప్, చూడండి. ఐడిల్‌లో (ఇంజన్ లోడు లేకుండా నెమ్మదిగా తిరిగేటప్పుడు) ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ బలంగా ఉంటుంది. అది తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వ్ గుండా పొగని వెనక్కి గుంజుతుంది, పొగతోపాటు నీటి తుంపర కూడా వస్తుంది. క్యామ్ ఎంత పెద్దదైతే ఆ క్షణం అంత పొడుగు. రేవు దగ్గర పావుగంట ఐడిల్‌లో తచ్చాడటం, నడి నీళ్ళలో గంట పరుగెత్తడం కన్నా ఇంజన్‌కి ఎక్కువ చేటు చేస్తుంది.

మొదటి గుర్తు స్పార్క్ ప్లగ్గు మీద కనిపిస్తుంది. పింగాణీ మీద గోధుమ రంగు పూతలో ఎర్రటి చిన్న చుక్కలు, ఆవగింజలో సగమంత. బోరోస్కోప్ పెట్టి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వ్ కాడ మీద నారింజ రంగు పొర. ఈ దశలో పట్టుకుంటే క్యామ్‌నో పైపులనో మారిస్తే సరిపోతుంది. వదిలేస్తే కాడ గైడ్‌లో బిగుసుకుంటుంది, పిస్టన్ వచ్చి దాన్ని గుద్దుతుంది.

మామూలు నీటి మానిఫోల్డ్‌లు ఉన్న 540కి, 50 థౌ లిఫ్ట్ దగ్గర ఇన్‌టేక్ డ్యూరేషన్ (వాల్వ్ తెరిచి ఉండే కాలం, క్రాంక్ తిరిగే డిగ్రీల్లో) 236 డిగ్రీలు మించనివ్వకండి. లోబ్ సెపరేషన్ (క్యామ్ మీద ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల మధ్య కోణం) 112 నుంచి 114. అదే క్యామ్ 454లో చాలా పెద్దదవుతుంది, ఎందుకంటే చిన్న ఇంజన్‌కి ఓవర్‌ల్యాప్ మరింత తగులుతుంది. అంతకన్నా పెద్ద క్యామ్ కావాలంటే నీళ్ళు పైపు చివర్లోనే కలిసే డ్రై టెయిల్ పైపులు పెట్టాలి. పైపు చుట్టూ జాకెట్‌లో నీళ్ళు తిరుగుతాయి, పొగతో మాత్రం బయటికి వెళ్ళే చోటే కలుస్తాయి.

ఇంకో దారిలో కూడా నీళ్ళు వస్తాయి. వేగంగా పోతున్న బోటుని ఒక్కసారిగా ఆపితే, వెనక తరుముకొచ్చే అల ఎగ్జాస్ట్ గొట్టాల్లోకి ఎక్కుతుంది. గొట్టాల లోపల ఫ్లాపర్లు ఉండాలి, అవి ఏటా మార్చాలి. థ్రాటిల్ మెల్లగా తగ్గించే అలవాటు కూడా ఉండాలి.

వాల్వులు, స్ప్రింగుల విషయంలో?

ఎగ్జాస్ట్ వాల్వులు ఇంకొనెల్‌వి (వేడిని తట్టుకునే నికెల్ మిశ్రమ లోహం) పెట్టండి. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటు ద్వారానే వదిలించుకుంటుంది. అందుకే రేసు కార్లలో చేసే సన్నటి సీటు ఇక్కడ పనికిరాదు, 80 నుంచి 100 థౌ వెడల్పు ఉంచాలి. లిఫ్టర్లు హైడ్రాలిక్ రోలర్‌వి, 6,000 ఆర్‌పీఎం లోపు వాటికి మించినవి లేవు. సాలిడ్ రోలర్‌తో నాలుగు హార్స్‌పవర్ ఎక్కువ రావచ్చు గాని టాపెట్ క్లియరెన్స్ ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉండాలి. ఐడిల్‌లో ఆ రోలర్ బేరింగులకి ఆయిల్ కూడా సరిగా అందదు.

స్ప్రింగులు అరిగే సరుకు. కొత్తగా బిగించినప్పుడు ఒత్తిడి కొలిచి రాసుకోండి. 10 శాతం తగ్గిందంటే పూర్తి సెట్టు మార్చండి.

ఆయిల్ సిస్టం ఎలా ఉండాలి?

పాన్‌లో, కూలర్‌లో, ఫిల్టర్‌లో కలిపి కనీసం 10 లీటర్లు. 5 లీటర్ల కారు పాన్‌తో 5,000 ఆర్‌పీఎం దగ్గర పదినిమిషాలు పరుగెత్తితే ఆయిల్ చాలాభాగం హెడ్ల మీద, గోడల మీద తిరుగుతూ ఉంటుంది, కింద పికప్ గాలి పీలుస్తుంది. హై వాల్యూమ్ పంపు పెడితే సమస్య తీరదు, పాన్ ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది. ముందు పాన్, తరవాతే పంపు.

పాన్ లోపల అడ్డుగోడలు, ఒకవైపే తెరుచుకునే తలుపులు ఉండాలి. ఇంజన్ బోటులో వెనక్కి వాలి ఉంటుంది, పరుగులో ఆయిల్ వెనక్కే చేరుతుంది. అల మీంచి దూకి ముక్కు నీళ్ళలో దిగినప్పుడు మాత్రం మొత్తం ముందుకి విసురుకొస్తుంది. ప్రెషర్ గేజ్ ముల్లు ఒక్క లిప్తసేపు పడి లేచిందంటే బేరింగ్ అంతసేపూ పొడిగా తిరిగినట్టే.

ప్రెషర్‌కి పాత లెక్కే మంచిది: ప్రతి 1,000 ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), వేడెక్కిన ఆయిల్‌తో.

వేడి సంగతి చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. చల్లగా ఉంటే మంచిదే కదా అనుకుంటారు. ఆయిల్ 95 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ మధ్య నడవాలి. సముద్రపు నీళ్ళతో పనిచేసే కూలర్ ఆయిల్‌ని 70 దగ్గరే ఆపేస్తే, లోపల చేరిన తేమ, పెట్రోల్ ఆవిరైపోయే అవకాశం ఉండదు. కూలర్‌కి ఆయిల్ థర్మోస్టాట్ పెట్టండి. 125 దాటుతుంటే కూలర్ చిన్నదని, లేదా నీళ్ళు అందడం లేదని అర్థం.

సముద్రపు నీటినే నేరుగా తిప్పాలా, హీట్ ఎక్స్‌ఛేంజర్ పెట్టాలా?

ఉప్పునీళ్ళు, అల్యూమినియం హెడ్లు రెండూ ఉంటే హీట్ ఎక్స్‌ఛేంజర్ తప్పదు. అల్యూమినియాన్ని ఉప్పు కొన్ని సీజన్లలోనే గుంతలు పడేలా తినేస్తుంది, ముందుగా పోయేది హెడ్ గాస్కెట్ అంచు కూర్చునే చోటు.

నేరుగా తిప్పుకునే ఇంజన్‌కి 60 డిగ్రీల థర్మోస్టాట్ పెడతారు. అంతకన్నా వేడైతే ఉప్పు విడిపోయి నీటి దారుల్లో గారలా పేరుకుంటుంది. మూసిన కూలింగ్‌కి 71 డిగ్రీలది. థర్మోస్టాటే తీసేసి చల్లగా నడపడం మాత్రం తప్పు. చల్లటి గోడల మీద పెట్రోల్ ఆవిరి కాకుండా ఆయిల్‌ని కడిగేస్తుంది, ఇంజన్ తొందరగా అరిగి బోర్ చేయాల్సి వస్తుంది.

వేగం పెరిగేకొద్దీ డ్రైవ్ ముక్కు నుంచి వచ్చే నీటి ఒత్తిడి పెరుగుతుంది. బ్లాక్‌లో 25 పీఎస్‌ఐ దాటకుండా రిలీఫ్ వాల్వ్ పెట్టండి, డ్యాష్ మీద నీటి ప్రెషర్ గేజ్ కూడా. టెంపరేచర్ గేజ్ ఆలస్యంగా చెప్పే కబురుని ప్రెషర్ గేజ్ ముందే చెబుతుంది. సెన్సర్ దగ్గర నీళ్ళే లేకపోతే టెంపరేచర్ ముల్లు లేవనే లేవదు. పంపులోని రబ్బరు ఇంపెల్లర్ ఏటా మార్చండి. విరిగిన రెక్క దొరక్కపోతే అది కూలర్ మూతిలో ఉంటుంది, వెతికి తీయండి.

సూపర్‌చార్జరా, టర్బోనా?

సూపర్‌చార్జర్ కట్టడం తేలిక, కింది నుంచే టార్క్ ఇస్తుంది, డ్రైవ్‌ని మాత్రం ఎక్కువ కొడుతుంది. 98 రాన్ పెట్రోల్‌తో, ఇంటర్‌కూలర్ ఉంటే 6–8 పీఎస్‌ఐ దాకా నెమ్మదిగా బతుకుతుంది. సముద్రపు నీళ్ళు ఇంటర్‌కూలర్‌కి వరం, ఎప్పుడూ చల్లగా, ఎంత కావాలంటే అంత. దాని కోర్ రాగి-నికెల్‌ది కావాలి, జింక్ అనోడ్ (మిగతా లోహం బదులు తాను తుప్పుకి బలయ్యే ముక్క) ఉండాలి. లోపల చిల్లు పడితే నీళ్ళు తిన్నగా ఇన్‌టేక్‌లోకే పోతాయి కాబట్టి ఏటా ప్రెషర్ పెట్టి పరీక్షించాలి.

టర్బోకి ఎర్రగా కాలే టర్బైన్ హౌసింగ్ ఇంజన్ గదిలో ఉండకూడదు, నీటి జాకెట్ తప్పనిసరి. సొంతంగా కట్టుకునేవారికి అది ఖర్చు, చిక్కు. కంపెనీలు మాత్రం అది సాధించాయి. మెర్క్యురీ రేసింగ్ 2010లో తెచ్చిన 1,350 హార్స్‌పవర్ ఇంజన్ 9 లీటర్ల వి8, నాలుగు క్యామ్‌లు, రెండు టర్బోలు.

కార్బ్యురేటర్ చాలా? ఇంజెక్షన్ కావాలా?

బూస్ట్ లేని ఇంజన్‌కి మంచి మెరైన్ కార్బ్యురేటర్ చాలు. బూస్ట్ ఉంటే ఇంజెక్షన్‌కే మా ఓటు, సిలిండర్లకి సమానంగా పంచుతుంది. రెండింటికీ అసలు ప్రశ్న పెట్రోల్ అందుతోందా అన్నది. 600 హార్స్‌పవర్‌కి, గంటకి హార్స్‌పవర్ ఒక్కింటికి 0.5 పౌండ్ల లెక్కన 300 పౌండ్లు, అంటే గంటకి సుమారు 186 లీటర్లు. కారులో ఈ ప్రవాహం పది సెకన్లు నిలబడితే చాలు, ఇక్కడ ట్యాంకు అడుగంటేదాకా నిలబడాలి. ట్యాంకు లోపలి పికప్ గొట్టం, యాంటీ సైఫన్ వాల్వ్ సన్నగా ఉండిపోతే పైన ఎంత పెద్ద పంపు పెట్టినా లాభం లేదు. 10 మైక్రాన్ల వాటర్ సెపరేటర్ ఫిల్టర్ పెట్టండి.

పూర్తి థ్రాటిల్‌లో గాలి-పెట్రోల్ నిష్పత్తి 12.5 దగ్గర, బూస్ట్‌లో 11.5 దగ్గర. ఆక్సిజన్ సెన్సర్ నీళ్ళు కలిసే చోటుకి ముందే ఉండాలి, ఒక్క చుక్క తగిలినా పగులుతుంది.

ఇగ్నిషన్ టైమింగ్?

బూస్ట్ లేకపోతే పిస్టన్ పైకి చేరడానికి ముందు మొత్తం 32–34 డిగ్రీలు, 3,000 ఆర్‌పీఎంకి పూర్తిగా వచ్చేయాలి. బూస్ట్ ఉంటే ప్రతి పీఎస్‌ఐకి ఒక డిగ్రీ వెనక్కి తీయడంతో మొదలుపెట్టండి. రెవ్ లిమిటర్ తప్పనిసరి. ప్రొపెల్లర్ గాల్లోకి లేచిన క్షణంలో ఆర్‌పీఎం ఎగబాకే వేగాన్ని చేత్తో అందుకోలేరు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు జాగ్రత్తలు?

డిస్ట్రిబ్యూటర్ తీసి, ప్రైమింగ్ షాఫ్ట్‌ని డ్రిల్లుకి బిగించి ఆయిల్ పంపు తిప్పండి. షెవర్లేకి గడియారం ముల్లు దిశలో. మధ్యమధ్య క్రాంక్‌ని కాస్త తిప్పుతూ, పదహారు రాకర్ల దగ్గరా ఆయిల్ ఊరేదాకా ఆపవద్దు. రింగులు కూర్చునేదాకా మినరల్ ఆయిలే, సింథటిక్ వద్దు. ఇంజన్ గది బ్లోయర్ నాలుగు నిమిషాలు నడిపి, గది తెరిచి వాసన చూసి, అప్పుడే తాళం తిప్పండి. ఇది మొదటిసారికే కాదు, ప్రతిసారికీ.

ఇప్పుడు అతి ముఖ్యమైనది. ఇంజన్ అంటుకోకుండా స్టార్టర్‌తో తిప్పుతూనే ఉంటే నీటి పంపు కూడా తిరుగుతూనే ఉంటుంది, బయటికి నెట్టే పొగ మాత్రం ఉండదు. ఎగ్జాస్ట్‌లో నీళ్ళు నిండి సిలిండర్లలోకి దిగుతాయి. నీళ్ళు అణగవు, రాడ్ వంగుతుంది. ఒడ్డున గొట్టం పెట్టి స్టార్ట్ చేస్తుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ, పంపు తిరగకపోయినా పైపు ఒత్తిడే నీళ్ళని నెడుతుంది. ఇంజన్ అంటుకున్న తరవాతే నీళ్ళు తెరవండి, ఆపే ముందు నీళ్ళు కట్టండి. నీళ్ళు దిగాయని అనుమానం వస్తే స్టార్టర్ ముట్టుకోకండి. ప్లగ్గులన్నీ తీసి, చేత్తో తిప్పి, నీళ్ళు కక్కించి, ఆయిల్ కొట్టి, ఆ రోజే మళ్ళీ నడిపించాలి. రేపటికి తుప్పు పడుతుంది.

నీళ్ళ మీద మొదటి 10 గంటలు ఒకే ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచకండి. ఎక్కిస్తూ దించుతూ నడపండి, తరవాత ఆయిల్ మార్చి ఫిల్టర్‌ని కోసి మడతలు విప్పి చూడండి.

డైనో (ఇంజన్ శక్తిని కొలిచే యంత్రం) రిపోర్టులో ఏం చూడాలి?

గరిష్ఠ అంకె కన్నా 4,000–5,400 మధ్య టార్క్ ఎంత చదునుగా ఉందో చూడండి. మీ బోటుకి పెట్టబోయే మానిఫోల్డ్‌లు, ఫ్లేమ్ అరెస్టర్‌తోనే నడిపించమనండి. ఓపెన్ హెడర్లతో వచ్చిన అంకె నీళ్ళ మీద రాదు. ఐదు నిమిషాలు లోడు పట్టి ఉంచి ఆయిల్ టెంపరేచర్ ఎక్కడ ఆగిందో కూడా రాయించండి.

ప్రొపెల్లర్ ఎలా ఎంచుకోవాలి?

ఆర్‌పీఎంని గేర్ నిష్పత్తితో భాగించి, పిచ్‌తో గుణించి, 1,056తో భాగిస్తే గంటకి మైళ్ళలో సైద్ధాంతిక వేగం. 5,400 ఆర్‌పీఎం, 1.5 నిష్పత్తి, 30 పిచ్: 102 మైళ్ళు. స్లిప్ (ప్రొపెల్లర్ నీటిలో జారడం వల్ల పోయే వేగం) 12 శాతం తీసేస్తే 90, అంటే 145 కిలోమీటర్లు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150–200 ఆర్‌పీఎం పెరుగుతుంది.

పూర్తి ట్యాంకుతో, మనుషులతో, పూర్తి థ్రాటిల్‌లో ఇంజన్ తన గరిష్ఠ శక్తి ఇచ్చే ఆర్‌పీఎంకి చేరి తీరాలి. 5,400కి కట్టిన ఇంజన్ 4,700 దగ్గర ఆగిపోతోందంటే అది కొండ మీద టాప్ గేర్‌లో లాగుతున్న లారీ లాంటిది. వేడి, నాకింగ్ రెండూ దానివల్లే. ఇంజన్‌లో తప్పు వెతికే ముందు ప్రొపెల్లర్ మార్చి చూడండి.

రెండు ఇంజన్లు ఎదురెదురు దిశల్లో తిరగాలా?

తిరగాల్సింది ప్రొపెల్లర్లు. స్టెర్న్‌డ్రైవ్‌లో ఆ పని డ్రైవే చేస్తుంది, ఇంజన్లు రెండూ ఒకేలా కట్టండి.

ఎన్ని గంటలకి విప్పాలి?

బూస్ట్ లేని, ఒద్దికగా కట్టిన ఇంజన్‌ని 250–300 గంటలకి. సూపర్‌చార్జర్ ఉన్నదాన్ని 100–150కి. ఎలా నడిపారన్నదాన్ని బట్టి ఇది చాలా మారుతుంది, అందుకే ప్రతి 50 గంటలకీ లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి కొట్టి ఎంత శాతం కారిపోతోందో చూడటం) చేసి రాసుకోండి. కొత్తలో 5 శాతం లోపు ఉంటుంది. 10 దాటితే కారణం వెతకాలి. కార్బ్యురేటర్‌లో బుస వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, ఎగ్జాస్ట్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు. ఏడు సిలిండర్లు 6 శాతంలో ఉండి ఒక్కటే 14 చూపిస్తే, అన్నీ 10 ఉన్నదానికన్నా అదే తొందరపడాల్సిన సంగతి.

ఆయిల్ పాలలా తెల్లబడింది. ఏం చేయాలి?

ఇంజన్ నడపకండి. డిప్‌స్టిక్ పైభాగంలో మాత్రమే పలచటి మీగడ తరకలా ఉంటే ఆయిల్ వేడెక్కకపోవడం కావచ్చు, థర్మోస్టాట్ చూడండి. కింది దాకా చిక్కగా తెల్లగా ఉండి మట్టం కూడా పెరిగితే నీళ్ళు కలిసినట్టే. ఈ వరసలో వెతకండి: ఆయిల్ కూలర్, ఎగ్జాస్ట్ రైజర్ (మానిఫోల్డ్ మీంచి పైకి లేచే గొట్టం) గాస్కెట్, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్, హెడ్ గాస్కెట్, చివరికి బ్లాక్ పగులు. తేలికగా విప్పగలిగేవి ముందు. కారణం దొరికాక ఆయిల్ ఒకసారి మారిస్తే చాలదు. రంగు మామూలు అయ్యేదాకా మూడు సార్లైనా, ఫిల్టర్‌తో సహా, మధ్యలో వేడెక్కించి మార్చాలి.

ఉప్పునీటిలో తిరిగొచ్చాక?

అదే రోజు, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా పది నిమిషాలు మంచినీళ్ళు తిప్పండి. థర్మోస్టాట్ తెరుచుకునేంత వేడెక్కాలి, లేకపోతే మంచినీళ్ళు బ్లాక్‌లోకి వెళ్ళనే వెళ్ళవు, పైపైనే తిరిగి బయటికి పోతాయి. అనోడ్‌లు సగం అరగగానే మార్చండి. ఇనప రైజర్లని ఉప్పునీళ్ళలో మూడు నాలుగేళ్ళకి మించి నమ్మకండి, లోపలి గోడ పలచబడటం బయటి రంగు మీద తెలియదు. ఏడాదికోసారి విప్పి, నీటి దారిలో వేలు పెట్టి చూడండి. తుప్పు పొరలు పొరలుగా ఊడి చేతికొస్తే ఆ జత ఇక తిరిగి బిగించవద్దు.